పల్లెలో బీపీ: ఒక్కో సర్వే ఒక్కో లెక్క ఎందుకు చెబుతుంది?

మా చిన్నమ్మ గోరంట్ల దగ్గరి పల్లె నుంచి బెంగళూరు వచ్చి మూడు రోజులైంది. ఆ ఆదివారం మా అపార్ట్‌మెంట్ కింద ఉచిత వైద్య శిబిరం పెట్టారు. మనవడిని చంకనేసుకొని చూడ్డానికి దిగిన మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, జాకెట్ చేతి మీదనే పట్టీ చుట్టి మిషన్ నొక్కారు. పిల్లాడు ఒళ్లోనే ఉన్నాడు. మిషన్ చప్పుడుకు వాడు ఏడుపు అందుకున్నాడు, ఈమె వాడిని ఊరుకోబెడుతోంది. తెర మీద 178/104 అని పడింది. చీటీ మీద రాసి చేతిలో పెట్టి తర్వాతివాళ్లను పిలిచారు.

"నాకు బీపీ ఏంది రా నాయనా? నేనేమన్నా మీ మాదిరి కంప్యూటర్ ముందర కూసుంటానా? తెల్లారితే చేన్లోకి పోయేదాన్ని" అని చీటీని మడిచి కొంగున ముడేసుకుంది.

మనలో చాలామంది నమ్మకమూ అదే. బీపీ, షుగర్ టౌన్లో వాళ్ల రోగాలు. పల్లెలో గాలి మంచిది, తిండి మంచిది, పొద్దస్తమానం ఒళ్లు వంచి పని చేస్తారు, వాళ్లకెందుకొస్తుంది? సరే, అసలు పల్లెల్లో ఎంతమందికి ఉందో చూద్దామని వెతికితే మొదట ఎదురైంది అంకెల గందరగోళం. ఒక్కో సర్వే ఒక్కో మాట చెబుతోంది. పోనీ అనామకమైనవా అంటే కాదు, అన్నీ పేరున్నవే.

2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం దేశంలో ఆడవాళ్లలో 21.3 శాతం, మగవాళ్లలో 24 శాతం మందికి బీపీ ఎక్కువగా ఉంది. పల్లెల వరకే తీసుకుంటే 20.2, 22.7. పట్టణాల్లో 23.6, 26.6. 2017-18లో అసాంక్రమిక వ్యాధుల మీద, అంటే ఒకరి నుంచి ఒకరికి అంటుకోని జబ్బుల మీద, చేసిన జాతీయ సర్వే మాత్రం మొత్తం మీద 28.5 శాతం అంది. ఇక చెన్నైలోని మద్రాస్ డయాబెటిస్ రీసెర్చ్ ఫౌండేషన్, భారత వైద్య పరిశోధన మండలి కలిసి చేసిన ఇండియాబ్ అధ్యయనం ఉంది. లక్షా పదమూడు వేల మందిని చూశారు. దాని ఫలితాలు 2023లో వచ్చాయి, అందులో 35.5 శాతం. ఐదుగురిలో ఒకరికా, ముగ్గురిలో ఒకరికా? ఇది చిన్న తేడా కాదు. దేశం మొత్తానికి లెక్కేస్తే కోట్ల మంది అటూ ఇటూ అవుతారు.

ఎవరో ఒకరు తప్పు చెబుతున్నారని అనుకోనక్కర్లేదు. హద్దు అందరికీ ఒకటే: పై అంకె 140 గానీ కింది అంకె 90 గానీ చేరితే, లేదా ఇప్పటికే మందు వాడుతుంటే, బీపీ ఉన్నట్టు. తేడా ఎవరిని కొలిచారన్న దగ్గర మొదలవుతుంది. కుటుంబ ఆరోగ్య సర్వే 15 ఏళ్లు నిండిన వాళ్లందరినీ లెక్కలోకి తీసుకుంది. ఇంటర్ చదివే పిల్లలు కూడా అందులో ఉన్నారు. రెండోది 18 నుంచి 69 ఏళ్ల వాళ్లను, ఇండియాబ్ 20 ఏళ్లు దాటిన వాళ్లను తీసుకున్నాయి. బీపీ వయసుతో పాటు పెరిగేది కాబట్టి పదహారేళ్ల పిల్లలను కలిపితే సగటు దిగుతుంది, వాళ్లను తీసేస్తే ఎక్కుతుంది.

పల్లె దగ్గరికొచ్చేసరికి వయసు ఇంకో మెలిక పెడుతుంది. మా చిన్నమ్మ వాళ్ల వీధిలో ఇరవై నుంచి నలభై లోపు మగవాళ్లు పట్టుమని పదిమంది కనపడరు. బెంగళూరులో సెక్యూరిటీ గార్డులుగానో, డ్రైవర్లుగానో, సెంట్రింగ్ పనిలోనో ఉన్నారు. ఊళ్లో మిగిలింది ముసలివాళ్లు. అలాంటి ఊరికి మిషన్ పట్టుకొని పోతే బీపీ శాతం ఎక్కువే కనిపిస్తుంది. ఆ శాతం ఊరి గాలి వల్ల వచ్చిందా, ఊరి వయసు వల్ల వచ్చిందా అనేది విడదీయకుండా ఒక పల్లెను ఒక నగరంతో పోల్చడం కుదరదు. అందుకే మంచి అధ్యయనాలు వయసును సరిచేసి మరీ పోలుస్తాయి. అయితే ఊరి ఆరోగ్య కేంద్రంలో ఎన్ని మందులు పెట్టాలో తేల్చేవాళ్లకు కావలసింది సరిచేయని అంకే. ఆ ముసలివాళ్లు నిజంగానే అక్కడున్నారు మరి.

ఇక కొలిచే తీరు. శిబిరం అయిన గంటకు ఇంట్లో మా మిషన్ తీశాను. పిల్లాడిని పక్క గదిలో పడుకోబెట్టాం. టీ అడిగితే తర్వాత ఇస్తామన్నాం. ఆమె బాత్రూంకి పోయొచ్చాక కుర్చీలో వీపు ఆనించి, కాళ్లు నేల మీద పెట్టించి, జాకెట్ చెయ్యి పైకి జరిపి, గుండె ఎత్తులో ఉండేట్టు చెయ్యి బల్ల మీద పెట్టి ఐదు నిమిషాలు ఊరికే కూర్చోబెట్టాను. మాట్లాడకుండా ఉండటమే ఆమెకు అన్నిటికన్నా కష్టమైంది. మొదటిసారి 162/96. నిమిషం ఆగి 156/94. మళ్లీ నిమిషం ఆగి 154/92. మొదటిది వదిలేసి తర్వాతి రెండింటి సగటు తీస్తే 155/93. కింద వచ్చిన 178 ఎక్కడ, ఈ 155 ఎక్కడ? మనిషి అదే, రోజు అదే.

సర్వేల్లో కాస్త జాగ్రత్తగా మూడుసార్లు కొలుస్తారు గానీ, చాలావాటిలో అదంతా ఒకే రోజు అయిపోతుంది. డాక్టర్లు మాత్రం ఒకరోజు చూసి బీపీ అని ఖాయం చేయరు. మరీ ప్రమాదకరంగా ఉంటే తప్ప ఇంకోరోజు రమ్మని, అప్పుడూ ఎక్కువుంటేనే అంటారు. కాబట్టి సర్వే చెప్పే శాతంలో ఆ రోజు వరకు మాత్రమే పెరిగినవాళ్లు కొందరు కలిసి ఉంటారు. అంకెను పక్కన పెట్టేయమని కాదు, దాన్ని ఇలా చదువుకోవాలి.

చిన్నమ్మ నమ్మకం ఎక్కడినుంచి వచ్చిందో కూడా ఈ హద్దుల దగ్గరే కొంత తెలుస్తుంది. ఒక తరం కిందట మన దేశంలో జరిగిన అధ్యయనాల్లో చాలావాటికి హద్దు 160/95. ఆ బద్దతో కొలిస్తే 155/93 ఉన్న మా చిన్నమ్మకు బీపీ లేనట్టే. ఇప్పటి 140/90 ప్రకారం ఉన్నట్టు. 2017లో అమెరికా వైద్య సంఘాలు తమ హద్దును 130/80కి దించాయి, ఆ ప్రకారం చూస్తే ఆమె రెండో మెట్టు ఎక్కేసినట్టు. మన దగ్గర ఇప్పటికీ 140/90నే పాటిస్తున్నారు. పాత రోజుల్లో పల్లెల్లో బీపీ చాలా తక్కువ అన్న మాట అబద్ధం కాదు, నిజంగానే ఇప్పటికన్నా తక్కువ ఉండేది. కానీ అప్పటి అంకెను ఇప్పటి అంకె పక్కన పెట్టి "ఇన్ని రెట్లు పెరిగింది" అనేవాళ్లను ముందు ఏ బద్దతో కొలిచారో అడగాలి.

ఇంతా చేస్తే పల్లెకీ పట్టణానికీ తేడా ఎంత? 2014లో అచ్చయిన ఒక సమీక్ష దేశంలో అప్పటిదాకా జరిగిన అధ్యయనాలన్నీ గుదిగుచ్చి లెక్క తీసింది: పల్లెల్లో 27.6 శాతం, పట్టణాల్లో 33.8. కుటుంబ ఆరోగ్య సర్వేలో తేడా ఇంకా తక్కువ, మూడు నాలుగు శాతం. పైగా పల్లె, పట్టణం అన్న గీత కన్నా రాష్ట్రాల గీత గట్టిగా కనిపిస్తుంది. ఆంధ్రప్రదేశ్‌లో అదే సర్వే ప్రకారం ఆడవాళ్లలో 25 శాతం, మగవాళ్లలో 29 శాతం. అంటే దేశంలోని పట్టణాల సగటును మన రాష్ట్రం పల్లెలతో సహా దాటేసింది.

నా దృష్టిలో అసలు సంగతి ఆ సమీక్షలోనే ఇంకో వరుసలో ఉంది. బీపీ ఉన్నవాళ్లలో తమకు ఉందని తెలిసినవాళ్లు పట్టణాల్లో 42 శాతం, పల్లెల్లో 25.3. అదుపులో ఉన్నవాళ్లు పట్టణాల్లో 20.2, పల్లెల్లో 10.7. జబ్బులో తేడా ఆరు శాతమే. తెలియడంలో తేడా పదిహేడు శాతం. పట్టణంలో కంపెనీ చెకప్ అనో, ఇన్సూరెన్స్ కోసమనో, పక్కింటివాళ్లు వెళుతున్నారనో ఏదో ఒక సాకుతో చేతికి పట్టీ పడుతుంది. మా చిన్నమ్మకు ఆ పట్టీ చివరిసారి పడింది కాన్పప్పుడు, ముప్పై ఏళ్ల కిందట. పల్లెలో బీపీ లేదన్నమాట ఎంతో కొంత, పల్లెలో మిషన్ లేదన్న మాటే.

ఇందాక చెప్పిన 2017-18 సర్వేలోనూ ఇదే. బీపీ ఉన్న వంద మందిలో సుమారు 28 మందికే ఆ సంగతి తెలుసు, 14 మంది దాకా మందు వాడుతున్నారు, 12 మందికి అదుపులో ఉంది. ఈ చివరి రెండు అంకెలు పక్కపక్కన పెట్టి చూడండి. మందు వేసుకునేవాళ్లలో చాలామందికి అదుపులోకి వస్తోంది. జారిపోయేది అంతకు ముందు మెట్లలో. ఆ సర్వేను నడిపిన జాతీయ వ్యాధి సమాచార, పరిశోధన కేంద్రం బెంగళూరులోనే ఉంది, దేవనహళ్లి దారిలో, విమానాశ్రయానికి తిరిగే ట్రంపెట్ ఫ్లైఓవర్ పక్కన. మా ఊరి బస్సు ఆ ఫ్లైఓవర్ దాటే పోతుంది.

తెలియకపోవడానికి మన భాష కూడా ఒక చెయ్యి వేస్తుందేమో అనిపిస్తుంది. పుస్తకాల్లో దీన్ని రక్తపోటు అంటాం. పోటు అంటే సముద్రానికి ఆటుపోట్లున్నట్టు పొంగడం. కానీ ఇంట్లో వాడే పోటు వేరు: తలపోటు, కడుపులో పోటు, నొప్పి అన్నమాట. రక్తపోటుకు నొప్పి ఉండదు. ఏళ్ల తరబడి ఏ గుర్తూ లేకుండా గుండెనూ కిడ్నీలనూ మెదడులోని సన్నటి రక్తనాళాలనూ అరగదీస్తుంది. ఊళ్లో వాడుక మాట రక్తపోటు కాదు, బీపీ. దానికీ ఇంకో అర్థం వచ్చేసింది. "నాకు బీపీ తెప్పించొద్దు" అంటే కోపం తెప్పించొద్దని. దాంతో శాంతంగా ఉండేవాళ్లకు బీపీ రాదని ఒక లెక్క. మా చిన్నమ్మ ఊళ్లో ఎవరితోనూ మాట పట్టింపు లేని మనిషి, ఆ ధీమా కూడా ఆమెకుంది.

వస్తూ ఆమె తెచ్చిన సంచీ విప్పితే బీపీ ఎందుకో సగం అక్కడే కనిపిస్తుంది. మామిడికాయ ఊరగాయ రెండు కిలోల డబ్బా. చింతకాయ తొక్కు. ఊరమిరపకాయలు. అప్పడాలు. మధ్యలో ఉప్పు చేపలు, విడిగా నాలుగు కవర్లలో చుట్టి. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకు రోజుకు 5 గ్రాముల లోపు ఉప్పు చాలంటుంది, అంటే ఒక చిన్న చెంచా. ఆంధ్రలో 24 గంటల మూత్రం పట్టి కొలిచిన ఒక అధ్యయనంలో సగటున రోజుకు 9 గ్రాములు దాటింది. టౌన్లో ఉప్పు ప్యాకెట్ చిరుతిళ్లలో, హోటల్ తిండిలో దాక్కుని వస్తుంది. పల్లెలో అది మన చేత్తో మనమే వేసుకునేది. కూర లేని పూట ముద్దకు నంచుకునేది తొక్కే, మజ్జిగలో కలిపేది ఉప్పే. ఎండలో చెమటోడ్చి పనిచేసేవాళ్లకు ఉప్పు కావాలంటారు. అదీ కొంత నిజమే. కానీ ట్రాక్టర్, బోరు, కలుపుమందు వచ్చాక ఆ చెమట తగ్గింది, తొక్కు మాత్రం అంతే ఉంది. కల్లుప్పయితే బీపీ రాదని ఇప్పుడు కొత్త మాట ఒకటి వాట్సాప్‌లో తిరుగుతోంది. కల్లుప్పయినా పొడి ఉప్పయినా లోపలున్నది దాదాపు అదే సోడియం.

ఉప్పు మారిస్తే పల్లెల్లో ఏమవుతుందో చైనాలో చేసి చూశారు. 600 ఊళ్లలో సుమారు 21 వేల మంది. సగం ఊళ్లలో మామూలు ఉప్పే, మిగతా సగంలో పావు వంతు పొటాషియం క్లోరైడ్ కలిపిన ఉప్పు. ఐదేళ్ల దాకా చూసి 2021లో ఫలితం చెప్పారు: ఆ ఉప్పు వాడిన ఊళ్లలో పక్షవాతం 14 శాతం తగ్గింది. కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు మాత్రం ఇలాంటి ఉప్పు ప్రమాదం, డాక్టర్‌ను అడగకుండా వాడకూడదు.

సంచీ అడుగున ఇంకోటి దొరికింది: మోకాళ్ల నొప్పుల బిళ్లల షీటు, సగం అయిపోయింది. డైక్లోఫెనాక్. ఊళ్లో ఆర్‌ఎంపీ ఇచ్చాడట, "నొప్పి అనిపించినప్పుడల్లా ఏసుకో పెద్దమ్మా" అని. ఈ రకం నొప్పి బిళ్లలు ఒంట్లో ఉప్పునూ నీళ్లనూ పట్టి ఉంచుతాయి, బీపీని పెంచుతాయి, బీపీ మందుల్లో కొన్నిటి పనిని చెడగొడతాయి. వరి నాటి, చెనక్కాయ పెరికి అరిగిపోయిన మోకాళ్లకు పల్లెలో దొరికే తేలిక వైద్యం అదే. దీని పాలు ఎంతో జాతీయ సర్వేల అంకెలు చూస్తే తెలియదు, ఆ సంచీ చూస్తే తెలుస్తుంది. ఇంకా ఉంది. నీరసమంటే "లో బీపీ" అని సెలైన్ ఎక్కించడం. అరలీటరు మామూలు సెలైన్ బాటిల్‌లో నాలుగున్నర గ్రాముల ఉప్పు ఉంటుంది. రోజంతా తినాల్సిన దానికి దగ్గర దగ్గర సమానం, అరగంటలో నరంలోకి. బీపీ చూడకుండా ఎక్కించే ఆ బాటిల్‌ను ఊరివాళ్లు బలం అనుకుంటారు.

పల్లె వదిలి వచ్చినవాళ్ల సంగతేంటి? దీనికి మంచి జవాబు ఉన్న అధ్యయనం ఒకటుంది. 2005-07లో బెంగళూరు, హైదరాబాద్, నాగ్‌పూర్, లక్నోలలో ఫ్యాక్టరీ కార్మికులను, వాళ్లతో పాటు ఊళ్లోనే ఉండిపోయిన వాళ్ల అన్నదమ్ములను, అక్కచెల్లెళ్లను కొలిచారు. ఒకే తల్లి బిడ్డలు, ఒకే చిన్ననాటి తిండి, తర్వాత దారులు వేరు. అందులో బయటపడ్డది ఏమంటే, నగరానికి వచ్చిన మొదటి పదేళ్లలోనే ఒంట్లో కొవ్వు జోరుగా పెరిగి ఆ తర్వాత నిలకడ పడుతుంది. బీపీ అలా కాదు, దశాబ్దాల పాటు మెల్లమెల్లగా పెరుగుతూ పోతుంది. బెంగళూరు వచ్చి ఐదేళ్లయింది, చెకప్‌లో అంతా బాగుంది అని సంబరపడే మా తమ్ముళ్లకు ఈ ముక్క చెబుతుంటాను, వాళ్లు వినరు.

అలాగని ఊళ్లో ఉండిపోయినవాళ్లు గట్టెక్కారని కాదు. తూర్పు, పశ్చిమ గోదావరి జిల్లాల్లో 45 పల్లెల్లో 2003-04లో ఒక ఏడాది పాటు ఎవరు ఎందుకు చనిపోయారో ఇల్లిల్లూ తిరిగి రాశారు. మూడింట ఒక వంతు, 32 శాతం చావులకు కారణం గుండె, రక్తనాళాల జబ్బులు. ఇది ఇరవై ఏళ్ల కిందటి మాట. జ్వరాలూ విరేచనాలే పల్లె రోగాలని అనుకుంటున్న కాలంలోనే గుండెపోటు, పక్షవాతం ముందు వరుసలోకి వచ్చేశాయి.

మందు ఖరీదైనదేం కాదు. 2017 చివర్లో ఐదు రాష్ట్రాల్లో మొదలైన భారత బీపీ నియంత్రణ కార్యక్రమంలో తెలంగాణ కూడా ఉంది. అక్కడ చేసింది పెద్ద మాయేమీ కాదు: ఏ మందు ఎంత మోతాదుతో మొదలుపెట్టాలో ఒక కాగితం మీద రాసిపెట్టడం, ఆ మందు అయిపోకుండా చూడటం, నెలకోసారి మందుకు పెద్దాసుపత్రి దాకా తిప్పకుండా ఊరి దగ్గరే ఇవ్వడం, రానివాళ్లకు ఫోన్ చేయడం. తమిళనాడులో 2021 ఆగస్టులో మొదలైన "మక్కళై తేడి మరుత్తువం"లో బీపీ, షుగర్ మందులు ఇంటికే తెచ్చిస్తారు. దాన్ని ప్రారంభించింది కృష్ణగిరి జిల్లా సామనపల్లిలో, మన తెలుగువాళ్లు ఎక్కువగా ఉండే హోసూరుకు దగ్గర్లోనే. ఆంధ్రలో 104 బండి ఊరికి వస్తుంది. చిక్కల్లా అటూ ఇటూ తిరిగేవాళ్లతోనే. నాట్లకు ఊరికి, ఎండాకాలం కొడుకు దగ్గర బెంగళూరుకు, మళ్లీ కూతురి కాన్పుకు ఇంకెక్కడికో. చీటీ ఒక రాష్ట్రంలో, మనిషి ఇంకో రాష్ట్రంలో. ఆమె లేని రోజు బండి వచ్చి పోతుంది.

మా చిన్నమ్మను ఇక్కడ డాక్టర్‌కు చూపిస్తే ఇంకో రెండు రోజులు కొలిచి, ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములు రాసి, నొప్పి బిళ్లలు ఆపమన్నారు. నెలకు సరిపడా కొనిచ్చి బస్సు ఎక్కించాను. ఊరగాయ జోలికి నేను పోలేదు, ఒకేసారి రెండు యుద్ధాలు వద్దనుకున్నాను.

నెలన్నర తర్వాత ఫోన్ చేసింది. 104 వాళ్లు బిళ్లలు ఇచ్చారట. "రంగు వేరే ఉండాది రా. నువ్విచ్చినవి తెల్లగా ఉన్నె, ఇవి పచ్చగా ఉండాయి. ఏసుకోవచ్చునా?" షీటు ఫోటో తీసి పక్కింటి పిల్లతో పంపించమన్నాను. పెద్దది చేసి చూస్తే అదే పేరు, అదే 5. కంపెనీ వేరు, అంతే. అదే మందని చెప్పాను.

"అట్లనా, సరే అయితే. రేప్పొద్దున్నుంచి ఏసుకుంటా" అంది.

బండి ఎప్పుడొచ్చింది చిన్నమ్మా అని అడిగాను. పన్నెండు రోజులైందట.